కోతిజ్వరము: పిడుదులు, వాని కాశ్రయమైన జంతువులు

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రమునందలి షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవియందు కోతులును కొండముచ్చులును వరుసగా చచ్చిపడెను. ఆ అడవికి పోయివచ్చు గ్రామస్థులకును తీవ్రజ్వరము తగిలి, కొందరు మరణించిరి. పిడుదుకాటువలన సంక్రమించు ఈ వ్యాధిని జనులు కోతిజ్వరమందురు. నేడిది కేరళ, గోవా, మహారాష్ట్రములందును కనబడినది. అయితే నేరమంతయు కోతిపై మోపుట న్యాయము కాదు.

ఈ పిడుదు తన జీవితమున మూడుమార్లు, మారుమారునకు వేరొక జంతువునుండి రక్తము త్రాగును. ఎలుకలు, చుంచులు పైకి జబ్బు కనబడనీయకయే వైరసును అడవిలో నిలుపగలవు. కోతి రక్తమునందు అది విస్తారముగా పెరిగి పిడుదుపిల్లల కంటును. కోతి చచ్చినచో పిడుదులు దానిని విడిచి చుట్టునున్న ఆకులలో చేరును.

ఆవు సంగతి విచిత్రము. పిడుదుల కంటించునంతగా దాని రక్తమున వైరసు పెరుగదు. కాని ఎదిగిన పిడుదులకు పశువులే ప్రధానాధారము. కడుపునిండ త్రాగిన ఆడపిడుదు నేలరాలి, వందలు వేలుగా గ్రుడ్లు పెట్టును. ఇట్లు పాడియావు, తాను వ్యాధిని వ్యాపింపజేయకయే, వ్యాధిని మోయు పురుగును పెంచుచున్నది. పశువులను అడవికి తోలక జీవనము సాగనివారికి ఇది చిన్న చిక్కు కాదు.

మనుష్యునినుండి మనుష్యునికీ జ్వరమంటదు. డిసెంబరు మొదలు మే వరకు పిడుదుపిల్లల బెడద హెచ్చు. అప్పుడు అడవికి పోవువారు ఒడలంతయు కప్పు బట్టలు ధరింపవలెను, ఎండుటాకులపై కూర్చుండరాదు. చచ్చిన కోతి కనబడినచో తాకక, ఆరోగ్యశాఖవారికి వెంటనే తెలుపవలెను.