ప్రాక్టీసు చేస్తూ జడ్జి పరీక్షకు చదవడమెలా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ పూర్తయింది. జూనియర్ సివిల్ జడ్జి కావాలని ఉంది. మూడేళ్ల ప్రాక్టీసు చేస్తూ చదవగలనా?

జవాబు: తప్పకుండా చదవగలరమ్మా. 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. దాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కిస్తారు, బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు. లా క్లర్కుగా పనిచేసిన కాలమూ కలుస్తుంది. కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇస్తే, దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. కాబట్టి వకాలత్‌లు, వాయిదాల వివరాలు డైరీలో రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం సీనియర్ ఎంపిక. వాయిదాలు అడగడానికే మిమ్మల్ని పంపే ఆఫీసు వద్దు. ట్రయల్ బాగా నడిపేవారి దగ్గర చేరండి. ప్రోనోటు దావాలో ప్రతివాది ‘సంతకం నాదే, డబ్బు ముట్టలేదు’ అన్నాడనుకోండి. రుజువు భారం ఎవరిది? ఆ రాత్రే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 తీసి చదవండి. కోర్టులో క్రాస్ విన్నాక చదివిన సెక్షన్ పరీక్ష హాలులో మరచిపోరు. కొత్త క్రిమినల్ చట్టాలను పాత సెక్షన్లతో పోల్చి చూసుకోండి. వారానికొక తీర్పు మీరే రాసి సీనియర్‌కు చూపించండి. ఈ పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.