గడ్డి చామంతిని పీకేయాలా?

ప్రశ్న: మా పెరట్లో, కుండీల్లో పసుపు బొడ్డు, తెల్ల రేకులున్న చిన్న పూల మొక్క దానంతటదే మొలుస్తోంది. ఇది వయ్యారిభామేనా? ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అది గడ్డి చామంతి. పలకాకు అని కూడా అంటారు. మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన నేలలో స్థిరపడింది. కాండం నేల మీద పాకుతూ కణుపుల దగ్గర వేళ్లూనుతుంది. నూగున్న ఆకులు ఎదురెదురుగా, రంపపు అంచులతో ఉంటాయి. జానెడు పొడవైన కాడ చివర ఒక్కటే పువ్వు పూస్తుంది. చుట్టూ ఉన్న ఒక్కో రేకు కొసన మూడు నొక్కులు కనిపిస్తాయి.

వయ్యారిభామ అలా కాదు. నిటారుగా పెరుగుతుంది. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి. తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. దాని వల్ల చర్మానికి దురద, కొందరికి ఉబ్బసం వస్తాయి. కనిపిస్తే చేతికి తొడుగు వేసుకుని, పూతకు ముందే వేళ్లతో సహా పీకేయండి.

గడ్డి చామంతి పూలలోని తేనె కోసం సీతాకోకచిలుకలు, తేనెటీగలు వస్తాయి. అందుకే ఎండ తగిలే ఓ మూల కొన్ని మొక్కలు ఉంచండి. నాలుగు కణుపుల ముక్క నాటినా బతుకుతుంది, ఎరువు అక్కర్లేదు. అయితే విత్తనాలకు నూగు ఉండి గాలికి ఎగిరిపోతాయి. కాబట్టి వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచేయండి. కూరగాయల మడుల్లో మాత్రం ఉంచవద్దు.

గాయాలకు ఈ ఆకు పసరు పూయడం పల్లెల్లో అలవాటే. కానీ లోతైన గాయమైతే వైద్యుడికే చూపించండి.