యంత్రం లెక్కించని గంటలు

గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని మనవాళ్ళ నమ్మకం. నేనూ అలాగే నమ్మి, చివరికి ఒకనాడు పాఠం మధ్యలోనే కునికిపాట్లు పడ్డాను. (ఆనాడు నవ్విన వెనకబెంచీ వారికే ఈ వ్యాసం.)

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. పది సెకండ్లో, అంతకు మించో ఊపిరి ఆగుతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. పరీక్షలో నాకు గంటకి 38 సార్లని తేలింది. 30 దాటితే తీవ్రమే. 1981లో సిడ్నీలో కోలిన్ సలివాన్ బృందం వెలుగులోకి తెచ్చిన సీపాప్ పద్ధతి యంత్రం ఇచ్చారు. మాస్కు గుండా వచ్చే గాలి ఒత్తిడి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. లెక్క 3కి దిగింది. పగటి మత్తు మాత్రం దిగలేదు!

"మాస్కు ఎన్నింటికి తీసేస్తున్నారు మాస్టారూ?" అన్నారు డాక్టరుగారు.

రెండున్నరకి. ముక్కు ఎండిపోయి, నిద్రలోనే లాగి పారేస్తాను. ఆ 3 అన్నది పెట్టుకున్న గంటల లెక్కే కదా! తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ; కండరాలు మరీ సడలేదీ, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ ఆ నిద్రలోనే. అంటే అసలు వేళలో నాకు వైద్యమే లేదన్నమాట.

గాలికి తేమ చేర్చే నీళ్ళ డబ్బా అమర్చాక రాత్రంతా ఉంచుకోగలిగాను. నెలకి కునుకు పోయింది, ఒళ్ళు బరువు పోలేదు. కునుకు వేరు, నీరసం వేరు. రక్తపరీక్ష చేస్తే థైరాయిడ్ తక్కువట. రక్తహీనత, మనోవ్యాధి, కొన్ని జలుబు మాత్రలు కూడా ఇలాగే చేస్తాయి. మందు మొదలుపెట్టి మూడు వారాలయింది. స్కూటరు తాళం మాత్రం ఇంకా మా ఆవిడ దగ్గరే ఉంది.