నేలలో మిగిలిన వేరు

చిరంజీవి లావణ్యకు,

టేకు అడవిని పలచన చేస్తే చెట్లతోపాటు నేల సారం కూడా లారీ ఎక్కి పోదా అని అడిగావు. మంచి ప్రశ్న. కొంత పోతుంది. కానీ పోయే దారి లారీ ఒక్కటే అనుకోకు.

చెట్టు బరువులో ఎక్కువ భాగం మానుదే. పోషకాలు చూస్తే లెక్క తిరగబడుతుంది. కిలోకి కిలో పోల్చి చూడు: చేవకర్రలో కన్నా ఆకులో నత్రజని ఎన్నో రెట్లు ఉంటుంది. రెమ్మల్లో, బెరడులో కూడా పోషకాలు ఎక్కువే. నల్లమద్ది బెరడు కాల్చిన బూడిదను తాంబూలంలో సున్నానికి బదులు వాడేవాళ్లు, ఆ బెరడులో అంత క్యాల్షియం! కాబట్టి కొట్టిన చోటే కొమ్మలు నరికించు, ఆకూ అలమూ అక్కడే పరిపించు. దుంగ పోతే పోనీ. వంటచెరకు పేరుతో వేలెడు లావు రెమ్మలు కూడా ఊడ్చుకుపోతేనే నాకు కడుపు మండుతుంది.

అయితే అంతా అక్కడే వదిలేసినా సారం నిలవని సందర్భం ఒకటుంది. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధన అడవి ఉంది. మేపుల్, బీచ్, బర్చ్ చెట్ల సహజ అడవి అది. 1965 చలికాలంలో అక్కడ ఒక వాగు పరీవాహకంలో, సుమారు 16 హెక్టార్లలో, చెట్లన్నీ నేలకూల్చారు. ఒక్క దుంగ బయటికి తేలేదు. ఆ తర్వాత మూడు వేసవులు కలుపుమందు కొట్టి ఏ మొక్కనూ లేవనివ్వలేదు. బోర్మన్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు వాగు నీటిని పరీక్షిస్తూ పోయారు. నైట్రేటు పదుల రెట్లు పెరిగి తాగునీటి హద్దు దాటింది. క్యాల్షియం, పొటాషియం దాని వెంటే కొట్టుకుపోయాయి. సూక్ష్మజీవులు ఎప్పటిలాగే ఆకును కుళ్లబెట్టి పోషకాలు విడుదల చేశాయి, వాటిని అందుకునే బతికిన వేరు లేదు, అంతే. మామూలుగా కొట్టేసిన చోట్ల అక్కడ పిన్ చెర్రీ అనే చెట్టు మొలుస్తుంది. దాని గింజలు ఏళ్ల తరబడి నేలలో దాగి ఉండి, వెలుతురు పడగానే లేచి, జారిపోయే సారాన్ని పట్టుకుంటాయి.

మన ఆదిలాబాద్ వైపు టేకు అడవిలో ఆ పని మోడు చిగుళ్లది, పక్క చెట్ల వేళ్లది. ఒక చెట్టు తీసిన ఖాళీలో ఎండ పడి నేల వేడెక్కుతుంది. నీరు తాగే ఆకు తగ్గింది కనుక వానాకాలంలో తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది. వేడి, తడి రెండూ ఉంటే రాలిన ఆకు తొందరగా కుళ్లుతుంది. కొత్తగా రాలే ఆకు మాత్రం కొన్నేళ్లపాటు తక్కువే. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదది. చుట్టూ ఉన్న చెట్ల వేళ్లు ఆ ఖాళీ కిందికి పాకి ఉంటే ఇబ్బంది లేదు, ఆ తిండి తిని అవే లావెక్కుతాయి. మనకు కావలసిందీ అదే. ఖాళీ మరీ పెద్దదైతే నడిమధ్య నేల ఒంటరిదవుతుంది. అందుకే ఒకచోట గుత్తగా కాకుండా, అక్కడక్కడ తీయమని నేను పట్టుబడతాను.

శ్రావణంలో టేకు కింద మోకాళ్ల మీద కూర్చుని ఆకుపొరను మెల్లగా ఎత్తు. పైన గరుకుగా, నిండుగా ఉన్న ఆకు. దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన వల. ఇంకా కిందికి పోతే తెల్లటి బూజు దారాలు, కుళ్లిన ముక్కకు అతుక్కుని జుట్టంత సన్నటి వేళ్లు. ఆ ముక్కను లాగితే వేరు కూడా లేచి వస్తుంది. పుస్తకంలో బాణం గుర్తులతో గీసిన పోషక చక్రం నీ వేళ్ల మధ్య ఉంటుందప్పుడు.

ఇక నిప్పు. కొమ్మలన్నీ కుప్ప పోసి వదిలితే ఫాల్గుణం నాటికి పిడకల్లా ఎండుతాయి. తగలబడితే నత్రజనిలో చాలా భాగం పొగలో కలిసిపోతుంది. క్యాల్షియం, పొటాష్ బూడిదలో మిగిలినా, వాలు నేలైతే తొలకరికే వాగులో కలుస్తాయి. అందుకని కొమ్మలను చిన్నగా నరికించి, నేలకు తాకేలా పలుచగా పరిపించు. నిలబెట్టిన చెట్ల మొదళ్లకు దూరంగా లాగించు. మంట దాటకుండా ఖాళీగా ఉంచే అగ్గిగీతలు జనవరిలోగా శుభ్రం కావాలి. ఇది ఖర్చుతో కూడిన పని, అయినా తప్పించుకోకు.

కొట్టాల్సిన చెట్లకు గుర్తు పెట్టేటప్పుడు టేకు కానిదంతా పనికిరానిదనుకునే అలవాటు మన అటవీ శాఖలో ఉండేది. జిట్రేగి, ఏగిస, దిరిసెన చిక్కుడు కుటుంబానివి, వాటి ఆకు నేలకు నత్రజని ఇస్తుంది. వాటిని తీసేసి టేకొక్కటే ఉంచితే అది సహజ అడవి ఎలా అవుతుంది? 1996లో అడవుల రక్షణ కోసం వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆజ్ఞ వచ్చాక వర్కింగ్ ప్లాన్, అంటే అడవి పనుల ప్రణాళిక, లేనిదే అడవిలో చెట్టు కొట్టడానికి లేదు. రేపు ఆ ప్లాన్ రాసే చేయి నీదే కావచ్చు, ఈ సంగతి అందులో రాయి.

ప్రాజెక్టుకు కూపు, అంటే చెట్లు కొట్టబోయే అడవి ముక్క, చూసుకున్నానన్నావు. గొడ్డలి పడకముందే నడుము ఎత్తులో చదరపు మీటరు గుడ్డ సంచులు కట్టి రాలే ఆకును తూచడం మొదలుపెట్టు. పలచన చేయని పక్క అడవిలోనూ అన్నే కట్టు. నైలాను వల సంచుల్లో తూచిన ఎండాకు పెట్టి రెండు చోట్లా నేల మీద వదులు, నెలకు కొన్ని చొప్పున తీసి మళ్లీ తూచు. మొదటి వానల లెక్కలు రాగానే పంపించు. నా కళ్లద్దాలు మార్పించుకున్నాను, అంకెలు బాగానే కనబడుతున్నాయి.

ఇట్లు,
నీ పెదనాన్న