ఒకే చేలో ఒకే పని – రెండు కూలి రేట్లు చెల్లవు

కలుపు తీతకి పొద్దున్నే ఎనిమిది మంది చేలో దిగారనుకోండి. అయిదుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. పక్కపక్క సాళ్ళు పట్టి ఒకే వేళకి గట్టెక్కారు. సాయంత్రం డబ్బులిచ్చేటప్పుడు మాత్రం మగకూలికి ఒక రేటు, ఆడకూలికి ఇంకో రేటు. తాతల నాటి నుంచీ ఉన్నదే కాబట్టి ఇచ్చేవాళ్ళకి తప్పనిపించదు, పుచ్చుకునేవాళ్ళు అడగరు. చట్టం మాత్రం దీన్ని ఒప్పుకోదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ఆడామగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం అన్న మాట రాజ్యాంగం 39వ అధికరణంలోనే ఉంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాన్నీ, కనీస వేతనాల చట్టం వంటి మరో మూడింటినీ కలిపి 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ చేసింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. పాత చట్టం పోయింది గదా అనుకోవద్దు. సమాన కూలి నియమం కోడ్ 3వ సెక్షన్లో ఉంది.

సన్నకారు రైతుకి ఇది రెండు వైపులా తగిలే విషయం. నాట్లకీ కలుపుకీ తాను కూలీలను పెట్టుకుంటాడు. తన చేలో పని లేని రోజున ఇంట్లో ఆడవాళ్ళు ఇంకొకరి చేలోకో, పత్తి మిల్లుకో, రొయ్యల షెడ్డుకో కూలికి పోతారు. రోజుకి 150 రూపాయలు తేడా అనుకున్నా, ఏడాదికి 80 రోజులు కూలికి పోయే ఇల్లాలికి 12 వేలు పోయినట్టే. తన చేలో ఆడకూలీలకి తగ్గించి మిగుల్చుకున్న డబ్బు ఇలా ఇంటి ఆడవాళ్ళ కూలిలోంచి పోతూనే ఉంటుంది.

ఏది ఒకే పని?

తగాదా అంతా ఇక్కడే వస్తుంది. దమ్ము చేసే మనిషికీ నాటు వేసే మనిషికీ ఒకే రేటు ఇమ్మని చట్టం అనలేదు. అవి వేరు వేరు పనులు. పనికి కావలసిన నేర్పు, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటే అయి, పని చేసే పరిస్థితులూ ఒకలాంటివే అయితే దాన్ని ఒకే తరహా పని అంటారు. చిన్నాచితకా తేడాలు లెక్కలోకి రావు. కలుపు తీత, మిరప కోత, పత్తి ఏరడం, వేరుశనగ పీకడం ఇద్దరూ కలిసి చేస్తే ఒకే పని కిందకే వస్తాయి. నిజానికి మిరప కోతలో ఆడవాళ్ళ చెయ్యే చురుకు. ఆ సంగతి రైతులందరికీ తెలుసు.

"మగాళ్ళు బస్తాలు ఎత్తుతారు గదండీ" అన్నది మామూలుగా చెప్పే కారణం. బొంబాయిలో ఒక ఓడల కంపెనీ మహిళా స్టెనోగ్రాఫర్లకి జీతం తక్కువ ఇచ్చిన కేసులో 1987లో సుప్రీం కోర్టు దీనికి జవాబు చెప్పింది. చేయగలిగిన పని కాదు, నిజంగా చేస్తున్న పని చూడాలి అంది. సాయంత్రం ఇద్దరు మనుషులు పది బస్తాలు ఎత్తితే ఆ ఎత్తుడికి విడిగా కట్టివ్వండి. ఎత్తగలడు అన్న పేరు మీద రోజంతటి కూలి పెంచి ఇవ్వడం కుదరదు.

పోలిక మాత్రం ఒకే యజమాని దగ్గర పనిచేసే వాళ్ళ మధ్యే. పక్క రైతు ఎక్కువ ఇస్తున్నాడని ఈ సెక్షన్ కింద అడగలేరు. ఒక్క కూలీని పెట్టుకున్నా, మేస్త్రీ ద్వారా పిలిపించుకున్నా యజమాని యజమానే.

గిట్టుబాటు మాటేమిటి?

పంటకి ధర లేనప్పుడు కూలి పెంచమంటే రైతుకి కోపం రావడం సహజం. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఇచ్చుకోలేను అన్న సాకు పనికిరాదని పై కేసులోనే కోర్టు చెప్పింది. మగవాళ్ళ కూలి తగ్గించి సమానం చేయడం కూడా కోడ్ ప్రకారం నిషిద్ధం. పత్తి ఏరేటప్పుడు కిలోకి ఇంత అని ఇచ్చే ఊళ్ళలో ఈ గొడవ అంతగా ఉండదు. అక్కడ కాటా సరిగ్గా ఉండాలి, అంతే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనుల్లోనూ ఆడామగా అందరికీ ఒకే రేటు పెట్టారు. దానివల్ల లోకం తలకిందులేమీ కాలేదు.

కాగితం ముక్క దాచుకోండి

వ్యవసాయానికి అయిదుగురికి మించకుండా కూలీలను పెట్టుకునే రైతు రిజిస్టర్లు రాయనక్కర్లేదు. అయితే తనిఖీ అధికారి అడిగితే కూలి ఇచ్చినట్టు తగిన ఆధారం చూపాలి. తక్కువ ఇచ్చారని కూలీ దావా వేస్తే, పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. అందుకని తేదీ, పేరు, పని, ఇచ్చిన సొమ్ము ఒక నోటు పుస్తకంలో రాసి సంతకమో వేలిముద్రో వేయించుకోండి. కూలికి పోయేవాళ్ళూ తమ లెక్క తాము రాసుకోవాలి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లల చేత రాయించుకోవచ్చు.

దావా వేయడానికి మూడేళ్ళ గడువుంది. బకాయి కాక, దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం విచారణ అధికారికి ఉంది. తక్కువ కూలి ఇచ్చిన నేరానికి 50 వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయిదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని.

ముందుగా మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి తెల్ల కాగితం మీద అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. లాయరు ఫీజుకి భయపడనక్కర్లేదు. ఆడవాళ్ళకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.