అద్దాల తొట్టిలో సముద్రం

అద్దాల తొట్టి కొన్నారు. ఉప్పునీళ్లు తయారుచేసి నింపారు. అడుగున ఇసుక పరిచి, రాళ్లు పేర్చి, పంపు వేశారు. మర్నాటికి నీళ్లు స్ఫటికంలా తేటపడ్డాయి. ఇక ఆలస్యమెందుకని నారింజరంగు మీద తెల్లచారలుండే క్లౌన్ చేపలు నాలుగు తెచ్చి వదిలారు. వారం తిరక్కుండానే అవి నీటి పైకి చేరి, గబగబా మొప్పలాడిస్తూ ఒక్కొక్కటే చనిపోయాయి. నీళ్లు మాత్రం ఇంకా తేటగానే ఉన్నాయి! కొత్తగా సముద్రపు అక్వేరియం పెట్టేవారిలో చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఇందుకు కారణమేమిటి?

చేప తిన్న మాంసకృత్తులు జీర్ణమయ్యాక మిగిలే నత్రజని వ్యర్థం చాలావరకు అమ్మోనియా రూపంలో, మొప్పల గుండా నీటిలోకి వస్తుంది. సముద్రంలో అది లెక్కలోకి రాదు. 100 లీటర్ల తొట్టిలో ఎక్కడికి పోతుంది? పైగా ఉప్పునీటికి మరో చిక్కుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయానుగా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. విడి అమ్మోనియా మాత్రం మొప్పలను దెబ్బతీసే విషం. నీటికి క్షారగుణం పెరిగేకొద్దీ ఈ రెండవదాని వాటా పెరుగుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 దరిదాపుల్లో ఉంటుంది. పి.హెచ్. 7 ఉన్న మంచినీటితో పోలిస్తే, ఇక్కడ విషరూపం వాటా సుమారు పదిరెట్లు!

మరి ఈ విషాన్ని తొలగించేదెవరు? దీనికి జవాబు దొరికిన కథలో ఒక తండ్రీ కొడుకులున్నారు. ఇద్దరి పేరూ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి లండన్‌లో రసాయన శాస్త్రజ్ఞుడు. గోల్డ్ ఫిష్, నీటిమొక్కలు, నత్తలు కలిపి ఒకే తొట్టిలో పెంచి, అవి ఒకదానికొకటి ఆసరాగా ఎలా బతుకుతాయో 1850లో వివరించాడు. అయితే ఆ తొట్టిలో కంటికి కనిపించని పనివాళ్లు కూడా ఉన్నారని ఆయనకు తెలియదు.

1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి, దాని గుండా మురుగునీటిని మెల్లగా పోనిచ్చారు. సుమారు 20 రోజులు ఏ మార్పూ లేదు. ఆ తరువాత అమ్మోనియా మాయమై నైట్రేట్ రాసాగింది. ఇది ఉత్త రసాయన చర్యే అయితే మొదటి రోజే జరగాలి గదా! ఈసారి వారు క్లోరోఫాం ఆవిరి పంపారు. మార్పు ఆగిపోయింది. కాస్త మట్టి కలిపిన నీళ్లు పోయగా మళ్లీ మొదలైంది. అంటే ఆ పని చేసేవి ప్రాణమున్నవన్నమాట. వారింగ్టన్ కొడుకు ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ పనినే కొనసాగించి, మార్పు రెండు మెట్లుగా జరుగుతుందని గుర్తించాడు. మొదట అమ్మోనియా నైట్రైట్ అవుతుంది, తరువాత నైట్రైట్ నైట్రేట్ అవుతుంది. ఎంత ప్రయత్నించినా ఆ సూక్ష్మజీవులను విడదీయడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. 1890లో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించాడు.

ఇప్పుడు మీ తొట్టి సంగతి చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలుంటాయి. అందుకని వంటింటి ఉప్పు కలిపితే సరిపోదు. సోడియం, క్లోరిన్‌లతో పాటు మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు కూడా కావాలి. అవన్నీ ఉన్న సముద్ర లవణ మిశ్రమం దుకాణాల్లో దొరుకుతుంది. వానాకాలంలో గోదావరి, కృష్ణ ముఖద్వారాల దగ్గర బిందెలతో పట్టుకొచ్చిన సముద్రపు నీరు పనికిరాదు, దానిలో నదినీరే ఎక్కువ. కుళాయినీరు వాడితే ముందు క్లోరిన్‌ను పోగొట్టాలి. లేకపోతే మనకు కావలసిన సూక్ష్మజీవులే చస్తాయి.

నీళ్లు 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాక బొటనవేలంత పచ్చిరొయ్య ముక్క వేయండి. అవును, కుళ్లడానికే! రోజూ పరీక్ష కిట్‌తో కొలిచి నోటుపుస్తకంలో గ్రాఫు గీయండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది బాగా కనిపించాక మిగిలిన రొయ్యను తీసేయండి. కొద్దిరోజులకు అమ్మోనియా గీత దిగుతూంటే నైట్రైట్ గీత లేస్తుంది. అదీ దిగాక నైట్రేట్ మిగులుతుంది. ఇదంతా జరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ సూక్ష్మజీవులకు దొరికే శక్తి స్వల్పం కనుక అవి నిదానంగా పెరుగుతాయి. తొందరగా కావాలంటే పాత తొట్టిలోని గుప్పెడు గులకరాళ్లు తెచ్చి వేయండి. పాలకు తోడు వేసినట్లే. మధ్యలో ఇసుక మీద గోధుమరంగు నాచు పడుతుంది, చూడడానికి అసహ్యంగా ఉంటుంది. కంగారుపడి రాళ్లూ ఇసుకా కడిగేశారో, మళ్లీ మొదటికే!

అన్నట్టు, ఈ గులకరాళ్లను తక్కువగా చూడకండి. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో, ఉష్ణమండల సముద్రపు తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ల నుంచి ఒక కొత్త జీవిని వేరుచేశారు. అమ్మోనియాను మార్చడం బాక్టీరియాలకే తెలుసునని అంతవరకు అనుకునేవారు. ఇదేమో బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినది. నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. దాని బంధువులు మహాసముద్రాలన్నిటా కోట్లకొద్దీ ఉన్నాయి.

చివర మిగిలిన నైట్రేట్ అంత విషం కాదు గాని పేరుకుపోతే పగడాలకు హాని. అప్పుడప్పుడు కొంత నీరు మారుస్తూ ఉండాలి. బొరియలున్న రాయి అయితే ఇంకా మేలు. ఆక్సిజన్ అందని దాని లోపలి భాగాల్లో మరో జాతి బాక్టీరియాలు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చేస్తాయి. అలాగని మన్నారు సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో పగడపురాయి తెప్పించుకోకూడదు. 2001 నుంచి మన దేశంలో పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. గుల్లగా ఉండే కృత్రిమ రాళ్లు చాలు, సూక్ష్మజీవులకు రాయి పుట్టుక పట్టదు. చేపల విషయంలోనూ అంతే. క్లౌన్ చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీలోనే పెంచి చూపింది. హేచరీలో పుట్టిన చేపలనే అడగండి.

చిటికెడు మేత వేసినా మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయా? అయితే ఒక్క చేపను వదలండి. సూక్ష్మజీవుల సంఖ్య దొరికే మేతకు తగినట్టే ఉంటుంది. ఒకేసారి నాలుగు చేపలొస్తే ఆ పని వాటికి మించిపోతుంది. రెండోదాన్ని తేవడానికి మరో రెండు మూడు వారాలు ఆగండి. ఈలోగా గ్రాఫు మాత్రం ఆపకండి.