అణచిన స్ప్రింగుతో జాగ్రత్త!

చక్రాయపేట చుట్టుపక్కల పల్లెల్లో పాత మారుతి 800 కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1983లో మొదలైన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అంటే వీటిలో చివరిగా వచ్చిన బండికి కూడా పదేళ్ళు దాటాయి. గుంతల దారుల్లో తిరిగి తిరిగి వీటి షాకబ్జార్బర్లు పాడవుతుంటాయి. మీ అబ్బాయో, అల్లుడో షెడ్డులో గానీ, ఇంటిముందు చెట్టు కింద గానీ వాటిని విప్పే పని చేస్తుంటే, ఈ పేజీ వారికి చదివి వినిపించండి.

ప్రమాదం ఎక్కడ ఉంది?

ఈ కారు ముందు చక్రాల దగ్గర షాకబ్జార్బరు చుట్టూ గట్టి ఇనుప స్ప్రింగు ఉంటుంది. కారును జాకీతో పైకి లేపినా ఆ స్ప్రింగు పూర్తిగా సాగదు. పైనున్న నడిమి నట్టు దానిని అణచి పట్టుకొని ఉంటుంది. 250 కిలోల బలంతో 15 సెంటీమీటర్లు అణిగిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే, పది కిలోల రాయి సుమారు రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినంత దెబ్బ తగులుతుంది. తప్పుకోవడానికి సమయం ఉండదు. వంగి పని చేస్తున్నవారి కన్ను, దవడ, చేతివేళ్ళు దెబ్బతింటాయి.

బానెట్ ఎత్తి చూస్తే, చుట్టూ ఉన్న నట్లు షాకబ్జార్బరును కారు బాడీకి బిగించేవి. మధ్యలో ఉన్నది స్ప్రింగును పట్టి ఉంచేది. అన్నీ ఒకటే అనుకొని నడిమి నట్టును ముందుగా విప్పడమే అసలు ప్రమాదం.

పని చేసే పద్ధతి

1. కారును చదునైన గట్టి నేలపై నిలపాలి. నేలపై ఉన్న చక్రాలకు అడ్డం పెట్టాలి. జాకీని ఒక్కదానినే నమ్మకుండా గట్టి స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పగిలిపోతాయి కనుక వాడరాదు.

2. నడిమి నట్టును ముట్టుకోకుండా, స్ప్రింగుతో సహా షాకబ్జార్బరును మొత్తంగా బయటకు తీయాలి.

3. స్ప్రింగును అణచడానికి కొక్కేలున్న రెండు మరకడ్డీలు, అంటే స్ప్రింగ్ కంప్రెసర్ వాడాలి. మరలు అరిగినా, కొక్కెం వంగినా దానిని పక్కన పెట్టండి. మోకు, తీగ, గొలుసులతో కట్టి విప్పే ప్రయత్నం చేయవద్దు.

4. రెండు కడ్డీలను ఎదురెదురుగా అమర్చి, వీలైనన్ని ఎక్కువ చుట్లకు కొక్కేలు తగిలించాలి.

5. ఒకవైపు రెండు మూడు తిప్పులు, మరోవైపు అన్నే తిప్పులు చొప్పున చేతిపానాతో బిగించాలి. స్ప్రింగు పక్కకు వంగుతుంటే ఆపి, వదులు చేసి మళ్ళీ అమర్చాలి.

6. స్ప్రింగు చేతితో అటూ ఇటూ కదిలేంత వదులైన తరువాతే నడిమి నట్టు విప్పాలి. ముఖం, చేతులు నట్టుకు సూటిగా ఉంచకుండా పక్కగా నిలబడాలి.

7. అణచిన స్ప్రింగును అలాగే వదిలి టీకో, భోజనానికో వెళ్ళవద్దు. తిరిగి వదులు చేసేటప్పుడు కూడా రెండువైపులా కొద్దికొద్దిగా తిప్పాలి.

కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. విరిగిన, బాగా తుప్పు తిన్న స్ప్రింగును ఇంట్లో అణచవద్దు. ప్రీమియర్ పద్మిని వంటి కార్లలో స్ప్రింగు అమరిక వేరు. వాటిని ఆ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.

దెబ్బ తగిలితే ఏమి చేయాలి?

• కన్ను: నలపవద్దు, అదమవద్దు. కంట్లో ఏదైనా గుచ్చుకొని ఉంటే లాగవద్దు, కడగవద్దు. కన్నుకు తగలకుండా శుభ్రమైన కాగితపు కప్పు అడ్డంపెట్టి ఆసుపత్రికి తీసుకురండి.

• రక్తస్రావం: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికి తీసి చూడవద్దు. పసుపు, కాఫీపొడి, గ్రీజు పూయవద్దు.

• వేలు తెగితే: తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచి తీసుకురండి. ఐసు నేరుగా తగలకూడదు.

• దవడ, నోరు: స్పృహ ఉంటే ముందుకు వంచి కూర్చోబెట్టండి. రక్తం గొంతులోకి పోకూడదు. తాగడానికి ఏమీ ఇవ్వవద్దు.

• ఛాతీ, పొట్ట, తల: పైకి గాయం కనబడకపోయినా డాక్టరుకు చూపించాలి. లోపల రక్తం కారుతుండవచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. గాయం చిన్నదైనా ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.

మీరు చేయగల సహాయం

మీకు మెకానిక్ పని తెలియకపోయినా ఫరవాలేదు. నడిమి నట్టుకు పానా పెట్టే ముందు, "స్ప్రింగు చేతికి కదులుతోందా?" అని అడగండి. కదలడం లేదంటే ఆ నట్టు విప్పనివ్వకండి. సరైన పనిముట్టు తెచ్చేదాకా కారు ఒకరోజు ఆగినా నష్టం లేదు.